తగిలించినవాళ్లే తియ్యాలి

నాకు రాయడం రాదు గనక ఇన్నాళ్లూ ఇది రాయలేదంటే అది సగమే నిజం. అక్షరాలు నాకు అరవై మూడో ఏట వచ్చాయి. మా కోడలు నేర్పింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక ఇద్దరం గడప మీద కూర్చునేవాళ్లం. ఆమె పలక మీద రాసేది, నేను దాని మీద దిద్దేదాన్ని. ఏడాది తిరిగేసరికి పత్రిక కూడబలుక్కుని చదవగలిగాను. అక్కడి నుంచి కూడా ఏడేళ్లు గడిచాయి. ఈ ఏడేళ్లలో "బావగారికి నమస్కారములు" అని ఎన్ని కాగితాల మీద రాశానో! అక్కడ ఆపేసి, కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేదాన్ని. తర్వాత రాయవలసినవి ఐదే మాటలు: ఆ రోజు గుడ్డ విప్పింది నేనే. ఆ ఐదు మాటల్లో నాకు రాని అక్షరం ఒక్కటీ లేదు.

మొన్న ఆయన పోయారని తెలిసింది. ఉత్తరం అందుకోవడానికి ఇక మనిషి లేడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు, ఇక్కడా రాయను. మా ఆయనకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. ఇద్దరూ భిలాయి ఉక్కు ప్లాంటులో ఒకే చోట పని చేసేవారు. మాది విజయనగరం వైపు, ఆయనదీ అటే. మా వైపు వాడుక ప్రకారం నేను బావగారూ అనేదాన్ని, ఆయన మరదలా అని పిలిచేవారు. భిలాయిలో సెక్టర్ రెండులో మా క్వార్టరూ ఆయన క్వార్టరూ పక్కపక్కనే. వెనక పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ ఉండేది. ఎవరో ఎప్పుడో అందులో ఒకచోట నేలదాకా ఇటుకలు తీసేసి దారి చేశారు. ఆయన భార్య మేం అక్కడికి రాకముందే పోయింది. పిల్లలు లేరు. ఆ దారిన మా పిల్లలు, తర్వాత మా మనవరాలు రోజుకు వందసార్లు అటూ ఇటూ తిరిగేవాళ్లు.

క్రేను కింద నిలబడి, పైనున్న డ్రైవరుకు సైగలిచ్చే పని ఆయనది. ఆ హోరులో నోటి మాట వినపడదు, చేతులే మాట్లాడాలి. ముప్పై ఏళ్లు అలా మాట్లాడిన చేతులు ఇంటికొచ్చినా ఊరుకునేవి కావు. టీ గ్లాసు ఇస్తుంటే చూపుడువేలు కిందికి చూపించి గుండ్రంగా తిప్పేవారు, దించు దించు అని. వీధిలో పిల్లలు సైకిళ్ల మీద దూసుకొస్తుంటే, ఒక చేతి ముందు రెండో చెయ్యి కదలకుండా పెట్టేవారు. అది నెమ్మది అని. రెండు చేతులూ చాపి, అరచేతులు బోర్లించి అటూ ఇటూ ఊపారంటే ఆపమని. మా వరసలో తెలుగు పిల్లలు, బిహారు పిల్లలు, ఛత్తీస్‌గఢ్ పిల్లలు అందరికీ ఆ సైగలు వచ్చు. భూరీకి కూడా వచ్చు.

భూరీ అంటే ఆయన కుక్క. ఒక వానాకాలం స్కూటరు కింద ముడుచుకుని ఉన్న కూనను ఆయన తన పసుపుపచ్చ ప్లాంటు టోపీలో పెట్టుకుని తెచ్చారు. ఆ తర్వాత ఆ టోపీ దానికి నీళ్ల గిన్నె అయింది. ఆయన దానితో మా ఊరి తెలుగే మాట్లాడేవారు. మా మనవరాలు పింకీకి అప్పుడు మూడేళ్లు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది.

"సూసేవా మరదలా," అనేవారు ఆయన. "నీ మనవరాలికన్నా నా కుక్కకే తెలుగు బాగా వొచ్చు."

"మీ కుక్క బడికెల్లదు కదా బావగారూ, అందుకే పాడవలేదు," అనేదాన్ని.

ఆయన కుక్క దగ్గర వ్యవహరించే తీరు చూసి మొదట్లో నవ్వేదాన్ని. మేమైతే కుక్కను రమ్మంటాం, పొమ్మంటాం, అంతే. ఆయన అనుమతి అడిగేవారు. కింద కూర్చుని, చెయ్యి పిడికిలిగా ముడిచి, దాని మూతి కిందుగా కాస్త దూరంలో పెట్టి, "ఏటమ్మా, తాకొచ్చా?" అనేవారు. అది దగ్గరకొచ్చి వాసన చూస్తే మెడ పక్కన మూడుసార్లు దువ్వి చెయ్యి తీసేసేవారు. నడినెత్తి మీద చెయ్యి వేసేవారు కాదు. పిల్లలు చుట్టూ గుమిగూడి చూసేవాళ్లు.

"మూడయ్యేయి. ఇప్పుడేటి సెయ్యాలి?"

"రుక్‌నా!" అని అరిచేది పింకీ. ఆగాలి అని.

"మరి అది మల్లీ వొస్తే?"

"ఫిర్ తీన్." మళ్లీ మూడు అని.

"రాపోతే?"

పింకీ మొహం మాడ్చుకునేది. రాకపోతే ఒగ్గెయ్యాలి, అంటే వదిలెయ్యాలి. ఆ జవాబు దానికి తెలుసు, ఇష్టం ఉండేది కాదు.

ఆయన పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పినది ఒకటుంది. క్రేను పని గురించి మొదలుపెట్టి కుక్క దగ్గరకు వచ్చేవారు. "బరువెత్తమని, దించమని సైగ ఒకడే ఇవ్వాలి. పదిమంది ఇవ్వకూడదు. కానీ ఆపమనే సైగ ఎవులైనా ఇయ్యొచ్చు. ఊడ్సీవోడిచ్చినా పైనున్నోడు ఆపాల్సిందే. ఎందుకని అడక్కూడదు. ముందు ఆపాల. మరి కుక్క ఇస్తే?"

"కుత్తా కైసే దేగా? ఉస్‌కే తో హాథ్ నహీ," అనేవాడు ఎవడో ఒకడు. కుక్కకు చేతులెక్కడివి?

అప్పుడు ఆయన భూరీని చూపించేవారు. అది మొహం పక్కకు తిప్పడం ఆపమనే సైగ. ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం కూడా అదే. కంటి పక్కన తెల్లగుడ్డు కనపడడం, ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోవడం అయితే గట్టిగా ఆపమన్నట్టు. గుర్రుమనడం అన్నిటికన్నా ఆఖరిది. "గుర్రుమంటే కొట్టకండర్రా. అది సెడ్డది కాదు. అది ఇంకా మాటాడుతున్నాది. మాటలయిపోతేనే పల్లు," అనేవారు. భూరీ ఆవలించిన ప్రతిసారీ పిల్లలు రెండు చేతులూ ఊపుతూ వెనక్కి గెంతేవాళ్లు. చూడడానికి అదొక ఆటలా ఉండేది. కానీ నేను చెప్పబోయే ఆ ఒక్క రోజు దాకా మా వరసలో ఏ పిల్లా ఏ కుక్క చేతా గీరించుకోలేదు.

రెండోది ఎర్ర గుడ్డ.

భూరీ చోటు ఆయన వెనక వరండాలో ఒక మూల. గోనెసంచి పరుపు, నీళ్ల టోపీ, సత్తు పళ్లెం. ఆ మూల చుట్టూ నేల మీద బెత్తెడు వెడల్పున పచ్చ గీత వేశారు. క్రేను తిరిగే దారి పక్కన వేస్తారట అలాంటి గీత. గీతకు పైన గోడకు ఒక మేకు. భూరీ తింటున్నప్పుడు, తొంగున్నప్పుడు, ఒంట్లో బాగోలేనప్పుడు ఆ మేకుకు ఎర్ర గుడ్డ తగిలించేవారు. గుడ్డ ఉంటే ఎవరూ గీత దాటకూడదు. లేకపోతే గీత దగ్గర నిలబడి భూరీని పిలవచ్చు. అది వస్తే ఆడుకోవచ్చు.

గుడ్డకు ఒక నియమం ఉంది. తగిలించినవాళ్లే తియ్యాలి. మిషను బాగుచెయ్యడానికి లోపలికి దిగేవాడు స్విచ్చి మీద తన ఎర్ర చీటీ కట్టి దిగుతాడట. వాడు బయటికొచ్చి వాడే విప్పాలి. అవతలివాడికి ఎంత తొందరగా ఉన్నా, పని అయిపోయినట్టే కనిపించినా, ఇంకొకరు ముట్టుకోకూడదు. లోపల ఎవరున్నారో విప్పేవాడికి తెలియదు గనక.

ఒకసారి నేనే అడిగాను. "ప్లాంటులో ఆ ఎర్ర సీటీ మీద రాస్తారంట కదా బావగారూ, ముట్టుకోవొద్దని. ఇక్కడ రాయలేదేం?"

"రాస్తే సదవడం రానోలు ఇక్కడ ముగ్గురున్నారు మరదలా. నీ మనవరాలు గుంట ఒకర్తి, భూరీ ఒకర్తి..." అని ఆగి మునగచెట్టు వైపు చూశారు.

"మూడోది నేనే కదా."

"నానన్లేదు. నువ్వే అన్నావు."

నవ్వాను. ఆయనా నవ్వారు. నాకు చదువు రాదన్న సంగతి నన్ను నొప్పించకుండా అన్న మనిషి ఆయనొక్కరే. మిగతావాళ్లు ఆ మాట రాగానే జాలి పడేవాళ్లు, లేదా గొంతు తగ్గించేవాళ్లు.

చిన్న పిల్లల విషయంలో గుడ్డను కూడా ఆయన నమ్మేవారు కాదు. "మూడేళ్ల గుంటకి గుడ్డ తెలుస్తాది. అంతకన్నా సిన్నదైతే గుడ్డ సాలదు, మజ్జిన మనిషి కావాల. గుంట ఒక పక్క, కుక్క ఒక పక్క, మజ్జిన పెద్దోలొకలు కూకోవాల. బీడీ కాల్సుకుంటా కాదు, సూస్తా." ఆయన అలా గంటల తరబడి కూర్చునేవారు. పీట మీద, మోకాళ్లు పైకి పెట్టుకుని, ఒక చెయ్యి భూరీ వైపు, ఒక చెయ్యి పింకీ వైపు. పింకీ దాని తోక వైపు పాకితే ఆ చెయ్యి ముందు రెండో చెయ్యి వచ్చి ఆగేది. నెమ్మది. ఆ పీట మీద ఆ మనిషిని ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, ఆ రెండు చేతులే.

ఆయన రిటైరైన ఏడాది భూరీ నాలుగు కూనలను పెట్టింది. తొమ్మిదో రోజు. వైశాలి నగర్‌లో ఆయన కట్టుకుంటున్న చిన్న ఇంటికి ఆ పొద్దున తలుపులు బిగిస్తారని కబురొచ్చింది. సైకిలు తీసి, గోడ దారి దగ్గర ఆగి నన్ను పిలిచారు.

"మరదలా, గుడ్డ తగిలించేను. కూనల తల్లి, ఎవుల్నీ రానివ్వదు. పదకొండయ్యేసరికి వొచ్చీస్తాను. గుంట ఆడుకుంటున్నాది కదా, నువ్వు కాస్త ఈ పక్కన ఉంటావా?"

"ఉంటాను, ఎల్లండి."

ఇదే నేను ఆయనకు ఇచ్చిన మాట.

ఆ రోజే మా కోడలి తల్లిదండ్రులు శ్రీకాకుళం నుంచి మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. మా పెద్దోడు వాళ్లను తీసుకురావడానికి దుర్గ్ స్టేషనుకు వెళ్లాడు. కోడలు పొయ్యి దగ్గర ఉంది. మా ఆయన పొద్దుటి షిఫ్టు. నేను వెనక వరండా కడిగి, వియ్యాలవారికి మంచం వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచాను. మంచం మీద కూర్చుని చూస్తే గోడ దారిలోంచి ఎదురుగా ఆ ఎర్ర గుడ్డే కనపడింది. నూనె మరకలు, అంచులు నల్లగా, ఒక మూల చిరిగి వేలాడుతోంది. ఆయన ఒంటరి మగవాడు, ఉతుక్కోవడం ఎక్కడ తెలుస్తుంది అనుకున్నాను. ఉతికి ఆరేసి, ఆయన వచ్చేలోగా మళ్లీ తగిలించేస్తే ఆయనకూ బాగుంటుంది అనుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. భూరీ కూనలకు పాలిస్తూ నా వైపు చూసింది, ఏమీ అనలేదు. నేను మేకు మీంచి గుడ్డ తీసుకుని కుళాయి రాయి దగ్గరకు వచ్చాను.

సబ్బు పెట్టి రెండుసార్లు బాదాను. ఎంత మురికి కారిందో. జాడించి తీగ మీద వేశాను. పావుగంట కూడా పట్టి ఉండదు.

పింకీ నియమం తప్పలేదు. ఇది నేను ఎప్పుడో చెప్పవలసిన మాట. అది గోడ దారిలోంచి వెళ్లి, మేకు వైపు తలెత్తి చూసింది. నేను తీగ దగ్గర నుంచి చూశాను, అది చూడడం. గుడ్డ లేదు. గీత దగ్గర నిలబడి "భూరీ, ఆ" అంటూ హిందీలో రమ్మని పిలిచింది. భూరీ రాలేదు. రాకపోతే ఒగ్గెయ్యాలని దానికి తెలుసు. కానీ కళ్లు తెరవని కూన ఒకటి దొర్లుకుంటూ గీత దాకా వచ్చేసింది. పింకీ దాన్ని ఎత్తుకుంది. భూరీ మొహం తిప్పలేదు, ఆవలించలేదు. కట్టెలా బిగుసుకుంది. నేను "పింకీ!" అని అరిచేలోగా గుర్రుమంది. మధ్యలో కూర్చోవలసిన మనిషిని నేను. తీగ దగ్గర ఉన్నాను.

మణికట్టు మీద రెండు పళ్లు దిగాయి.

పిల్లను ఎత్తుకున్నాను. కోడలు పొయ్యి వదిలి పరుగెత్తుకొచ్చి నా చేతుల్లోంచి లాక్కుంది. అప్పుడు నేను చేసిన పని నాకు ఇప్పటికీ అర్థం కాదు. అందరూ పిల్ల చుట్టూ ఉండగా, వెళ్లి తీగ మీంచి తడి గుడ్డ తీసి మేకుకు తగిలించాను.

సరిగ్గా అప్పుడే ముందు గుమ్మంలో ఆటో ఆగింది, వియ్యాలవారు దిగారు. వెనక నుంచి ఆయన సైకిలు వచ్చింది. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, "సబ్బు," అన్నారు. ధార కింద సబ్బుతో కడుగుతూనే ఉన్నారు. మా పెద్దోడు తొందర పెడుతుంటే, "పావుగంట కడగాల, అప్పుడు ఆస్పత్రి, సూదులు. ముందు ఇది," అన్నారు. పింకీ ఏడుస్తుంటే దానికి ఎదురుగా రెండో చేత్తో నెమ్మది సైగ పెట్టి ఉంచారు. అది వెక్కుతూ ఆ చేతినే చూసింది.

కడగడం అయ్యాక, ఆస్పత్రికి బయల్దేరేముందే మా పెద్దోడు మేకు వైపు చూపించి దాన్ని అడిగాడు. "ఎర్ర గుడ్డ ఉండగా ఎందుకెళ్లావే?"

"లాల్ కప్‌డా నహీ థా, పప్పా," అంది. ఎర్ర గుడ్డ లేదని.

"అబద్ధమా? అదిగో ఉంది కదా!"

"నహీ థా! నహీ థా!"

వాడు ఒక్కటి కొట్టాడు. వియ్యాలవారి ముందు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాను. వియ్యపురాలు నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడకు మంచం చూపించాను, కూర్చోమని.

ఆయన వెళ్లి గుడ్డను ముట్టుకున్నారు. మేకు మీంచి తీసి, రెండు చేతులతో పిండారు. నీళ్లు పచ్చ గీత మీద పడ్డాయి. ఒకసారి నా వైపు చూశారు. అంత దూరం నుంచి కూడా ఆ చూపులో కోపం కోసం వెతికాను. కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లేదు. పింకీ ముందు గొంతుక్కూర్చుని దానికి మాత్రమే వినపడేలా ఏదో అన్నారు. అది తల ఊపింది. తర్వాత లేచి మా వాళ్లతో చెప్పారు.

"తప్పు నాదర్రా. మజ్జిన మనిషిని పెట్టి ఎల్లాల. పెట్టకుండా ఎల్లిపోయేను."

ఆయన మనిషిని పెట్టే వెళ్లారు. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మర్నాటి నుంచి వరసలోవాళ్లు వచ్చి కుక్కను పంపించెయ్యమన్నారు. భయ్యా, పిల్లలున్న చోటు అన్నారు. ఆయన వాదించలేదు. క్వార్టరులో ఉండడానికి ఇంకా కొన్ని నెలలు అనుమతి ఉన్నా, కిటికీలు కూడా పెట్టని ఆ ఇంటికి వారంలోగా సామాను ఎత్తేశారు. టెంపోలో బీరువా పక్కన గంప, గంపలో భూరీ, నాలుగు కూనలు, మీద బోర్లించిన పసుపుపచ్చ టోపీ. పిల్లలు టెంపో వెనకాల పరుగెడుతుంటే ఆయన రెండు చేతులూ చాపి ఊపారు. ఆపండి అని. వాళ్లందరూ ఆగిపోయారు.

సెక్టర్ రెండు నుంచి వైశాలి నగర్ ఎంత దూరం? ఆటో ఎక్కితే పట్టుమని అరగంట కాదు. నేను వెళ్లలేదు. ఆ వెనక వరండాలో కొత్తగా వచ్చినవాళ్లు గీత మీద సున్నం కొట్టించారు. వానలు పడ్డప్పుడల్లా పచ్చ రంగు కింద నుంచి తేలేది. బియ్యం ఏరుకుంటూ దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. "ఏటి మరదలా" అనే మాట కోసం చెవులు అటే ఉండేవి. చాలా ఏళ్లు ఉన్నాయి. ఇప్పటికీ ఎవరైనా ఉత్తరాంధ్ర యాసలో "ఏటి" అంటే తల తిప్పుతాను.

ఆ తర్వాత ఒక్కసారే కనపడ్డారు. ఆయన ఇల్లు మారి అప్పటికి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆదివారం కూరగాయల బజారులో. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పక్కన గోధుమరంగు కుక్క, భూరీ కూన ఒకటి, తల్లి పోలికే.

"ఏటి మరదలా, బాగున్నావా? గుంటెలగున్నాది? సెయ్యి?"

"బాగుంది బావగారూ. మచ్చ ఉంది, అంతే. భూరీ..."

"పోయింది. నిద్దట్లోనే. మంచి సావు."

"బావగారూ, ఆ రోజు..."

ఆయన రెండు చేతులూ చాపారు. ఒక చేతికి టమాటాల సంచి వేలాడుతోంది. అరచేతులు బోర్లించి అటూ ఇటూ ఊపారు, సంచి కూడా ఊగింది. ఆపమని. నవ్వుతూనే.

ఆపమనే సైగ ఎవరిచ్చినా ఆపాల్సిందే కదా. ఆపేశాను. ఆయన చెప్పారు గనక ఆపానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకూ ఆపడమే కావాలి.

మొన్న సాయంత్రం మా పెద్దోడు కొట్టు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ చెప్పాడు. ఇప్పుడు మేం దుర్గ్ వైపు సొంతింట్లో ఉంటున్నాం. "అమ్మా, సెక్టర్ టూలో మన పక్క క్వార్టరు పెద్దాయన లేరూ? పోయారంట. వారమైందంట."

పింకీ ఇక్కడే ఉంది. రాయపూర్ నుంచి ఏడాదిన్నర కొడుకును, షేరూ అనే కుక్కను వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లికి ముందు నుంచి ఉన్న కుక్క అది, పింకీకి ప్రాణం. వారం కిందట బాబు దాని తిండి గిన్నెలో చెయ్యి పెడితే షేరూ గుర్రుమందట. ఇంట్లో అందరూ భయపడ్డారు. షేరూను పెంచుకుంటానన్న ఈ ఊరాయన మర్నాడు పదింటికి వచ్చి తీసుకెళ్లాలి. అందుకే వచ్చింది. వచ్చినప్పటి నుంచి దాని కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"కుత్తేవాలే దాదాజీనా?" అంది, ఆ కుక్క తాతేనా అని. మణికట్టు తిప్పి రెండు తెల్లమచ్చలు చూసుకుంది. "పాపం, నా వల్లే కదా ఆయన ఇల్లు వదిలేశారు. గుడ్డ ఉన్నా వెళ్లాను. ఎంత మొండిదాన్నో."

"నీకు గుర్తుందా?" అన్నాను.

"గుర్తేం లేదు నానమ్మా. పప్పా చెప్తారు కదా ఎప్పుడూ."

"ఇక్కడ కూడా ఒక గీత వేసి, గుడ్డ కట్టి, మధ్యలో మనిషి కూర్చుంటే..."

"అవన్నీ పని చెయ్యవు. నా మీదే పని చెయ్యలేదు. నా కొడుకు మాత్రం ఎలా వింటాడు?"

అది చెయ్యని తప్పు ఒకటి ఇరవై మూడేళ్లుగా మోస్తోంది. ఇప్పుడు దాని లెక్క మీద ఇంకొక కుక్క ఇల్లు వదిలి వెళ్తోంది. బియ్యం డబ్బా కింద నుంచి ఒక కాగితం తీశాను. "బావగారికి నమస్కారములు." ఐదు మాటలూ దాని కింద రాశాను. నా కూడబలుకుడులో అది ఒక్క నిమిషం పని.

మర్నాడు పొద్దున్న టీలయ్యాక మా పెద్దోడు పేపరు చూస్తున్నాడు, పింకీ బాబుకు అన్నం కలుపుతోంది. కాగితం పింకీ చేతికిచ్చాను. దానికి తెలుగు చదవడం రాదని అప్పుడు గుర్తొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నోటితోనే చెప్పాను.

"గుడ్డ లేదే పింకీ. నువ్వు చెప్పిందే నిజం. ఉతకడానికి నేను విప్పేను. నువ్వు సూసే ఎల్లేవు. తర్వాత మళ్లీ నేనే తగిలించేను."

మా పెద్దోడు పేపరు దించాడు. పింకీ అన్నం ముద్ద పళ్లెంలో వదిలేసింది.

"అంటే... నేను అబద్ధం చెప్పలేదా?"

"లేదు."

"దాదాజీకి తెలుసా?"

"గుడ్డ తడిగా ఉంది. పిండేరు."

"ఔర్ కుఛ్ నహీ బోలే?" ఇంకేమీ అనలేదా అని.

"తప్పు నాదన్నారు."

పింకీ మచ్చ మీద బొటనవేలుతో రుద్దుకుంటూ కూర్చుంది. మా పెద్దోడు లేచి దాని తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా బయటికి వెళ్లిపోయాడు. నా మీద కోపం పింకీకి ఉంది. ఉండనీ. ఫోను తీసి, "భయ్యా, ఈరోజు రావద్దు, కొన్నాళ్లు చూస్తాం," అని మాత్రం అంది.

నేను నా పాత ఎర్ర రవికె చింపాను. వెనక గదిలో షేరూ పళ్లెం పెట్టే మూలకు అడ్డంగా బల్లచెక్క నిలబెట్టి, చెక్క మీద గుడ్డ కట్టాను. బాబుకు గుడ్డ తెలిసే వయసు కాదు. అందుకని చెక్కకు ఇటు పక్క పీట వేసుకుని, ఒక చెయ్యి షేరూ వైపు, ఒక చెయ్యి బాబు వైపు పెట్టి మధ్యలో కూర్చున్నాను. బాబు దబదబ అడుగులేసుకుంటూ వచ్చాడు. వాడి ముందు నా రెండో చెయ్యి కదలకుండా పెట్టాను. వాడు చేతిని చూశాడు, వేళ్లు పట్టుకున్నాడు, అక్కడే చతికిలబడ్డాడు. షేరూ తిని, పళ్లెం నాకి, వెళ్లి కిటికీ కింద పడుకుంది.

పింకీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాకు మోకాళ్ల నొప్పి. పీట మీంచి లేవడం కష్టమని దానికి తెలుసు.

"అయిపోయింది కదా," అంది. "నువ్వు కూర్చో, గుడ్డ నేను తీస్తాలే."

"వద్దు," అన్నాను. గోడ పట్టుకుని లేచాను. బాబును దాని చంకకిచ్చి, వెళ్లి గుడ్డ నేనే విప్పాను.